దేవుడి మూల మట్టి

మొన్న మా బాల్కనీలో మల్లె కుండీ అడుగున తెల్లటి పూత ఒకటి కనిపించింది. బోరు నీళ్ళు పోస్తే ఇలాగే అవుతుంది, గోరుతో గీకితే పోయేదే, కానీ నేను నా వయసు కూడా మరిచి దాన్ని వేలితో తీసి నాలుక్కి రాసుకున్నాను. ఉప్పగా తగిలింది. ఆ రుచి వెనకాలే మా మేనత్త వచ్చి నిలబడింది, ఎత్తి దోపిన చీరతో, చేతిలో మట్టి మూటతో.

తొంభైల మొదట్లో నేను బాపట్లలో ఒక మట్టి పరీక్షల లేబొరేటరీలో పనిచేసేదాన్ని. కాపురం తెనాలిలో కనుక పొద్దున పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో రావడం. మీలో ఆ బండి ఎక్కినవాళ్ళుంటే నిడుబ్రోలు దగ్గర కిటికీలోంచి వచ్చే తడి వరిచేల వాసన గుర్తుండే ఉంటుంది. లేబొరేటరీ అంటే ఏదో ఊహించుకోకండి. రైతులు తెచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, చెక్క సుత్తితో కొట్టి, జల్లించి, నీళ్ళలో కలిపి ఉప్పెంతుందో మీటరులో చూడటం, అదీ మా సైన్సు. నా చీరలన్నీ ఒకే రంగుకి వచ్చేశాయని మా ఆయన వేళాకోళం చేసేవారు గానీ, నాకు మాత్రం ఆ పనంటే చెప్పలేనంత గర్వం.

మేనత్తది రేపల్లె దిగువన, సముద్రం వైపు ఊరు. మామయ్య పోయాక ఉన్న కాస్త మాగాణీ తనే దగ్గరుండి చేయించుకునేది. ఆ రోజుల్లోనే ఆమె గట్టుకి ఆనుకుని ఎవరో రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టారు. వరి ఆకుల కొసలు ఎర్రబడటం చూసి, చేలోకి ఉప్పు ఊరుతోందని ఆమె అర్జీ పెట్టుకుంది. చెరువుకీ చేనుకీ నడుమ లోతుగా కాలువ తవ్విస్తే ఆ ఊట అందులోకి దిగిపోయి చేను బతుకుతుంది. మట్టిలో ఉప్పుందని పరీక్ష కాగితం తెస్తే ఆ కాలువ చెరువు వాళ్ళచేతే తవ్విస్తామన్నారు అధికారులు. చేలో అక్కడక్కడా తీసి, అంతా కలిపి పంపమని నేను ఆమెకి ఒకటికి రెండుసార్లు చెప్పాను.

రేపల్లె బండిలో వచ్చి తెనాలి స్టేషన్లో మూట నా చేతికిచ్చింది. ఉతికిన తెల్లగుడ్డలో, గడ్డిపరక కూడా లేకుండా ఏరిన నల్లటి మట్టి. మీటరు మంచి నేలేనని చెప్పింది. మరి ఆకులెందుకు మాడుతున్నాయని మనసు పీకినా, మీటరు చూపించిందే కాగితం మీదకెక్కింది, ఆ కాగితం చూసి అర్జీ మూసేశారు.

వరి పొట్ట మీద ఉండగా చేను మాడిపోతోందని కబురొస్తే వెళ్ళాను. గట్టెక్కి చూద్దును కదా, చేనంతా ఎర్రగా, మొదళ్ళ దగ్గర తెల్లగా ఉప్పు పూసి ఉంది. చెరువుకి దూరంగా ఒక్క మూల మాత్రం పచ్చగా ఊగుతోంది. ఎక్కడి మట్టి తెచ్చావని అడిగితే మేనత్త ఆ మూల వైపే చూపించింది. అది దేవుడి మూల. మా లూథరన్ క్రైస్తవ కుటుంబాల్లో కొందరు చేలో ఒక మూల దేవుడికని వదిలేవారు. మంచి ఎరువు ముందు దానికే, అక్కడ కోసిన మొదటి పన, అంటే మొదటి వరికట్ట, కోతకాల పండుగకి చర్చిలో బలిపీఠం ముందుకి.

“అదేంటే, అంతమంది పెద్దోళ్ళు చూసే మట్టి, ఎక్కడపడితే అక్కడిది పంపుతానా? దేవుడి మూల మట్టైతే అబద్ధం చెప్పదు కదా అని తెచ్చా” అంది.

చేనంతా తిరిగి పద్ధతిగా మట్టి తీసి నేనే పరీక్ష చేశాను. ఉప్పు తేలింది. కానీ మూసిన అర్జీ మళ్ళీ తెరిచేది లేదన్నారు, అప్పటికి రెండో గట్టు పక్కనా చెరువు వచ్చేసింది. కొత్త కాగితం చదివి వినిపిస్తే ఆమె గట్టు మీద చతికిలబడింది.

“అయితే దేవుడికిచ్చిందే మిగిలిందన్నమాట” అంది.

అది కృతజ్ఞతో, నిష్ఠూరమో ఇవాళ్టికీ నాకు తెలియదు. తిండిగింజలు కొట్లో కొనుక్కుంటూనే ఆ ఏడు కూడా ఆ మూల వరి పన నెత్తిన పెట్టుకుని చర్చికి వెళ్ళింది. తర్వాత చేను చెరువుకే ఇచ్చెయ్యక తప్పలేదు. ఆ మూల ఒక్కటీ వదలమని బతిమాలిందట, వాళ్ళు కుదరదన్నారట. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు.

ఇప్పుడు మట్టి తీయడానికి లేబొరేటరీ మనుషులే చేలోకి వస్తున్నారు, ఎక్కడ తీశారో ఫోనే చెబుతుందట. మంచిదే, ఇది అప్పుడే ఉంటే ఎంత బాగుండేది. పోయిన కోతకాల పండుగకి మేనత్త ఊరి చర్చికి వెళ్ళాను. బలిపీఠం ముందు అరటి గెలలు, కొబ్బరికాయలు, కొట్లో కొన్న బియ్యం సంచులు, ఒక స్టీలు బేసిన్ నిండా ఐసులో రొయ్యలు. పండిందే కదా ఇస్తారు, ఎవర్నీ ఏమీ అనలేను. వరి పన ఒక్కటీ లేదు. ప్రార్థనకి అందరితోపాటు కళ్ళు మూసుకున్నాను. మేనత్త ఉతికిన గుడ్డ మూట నా ముందుకి చాపి, ఏం తేలిందే అని అడిగింది. ఆమెన్ అని అందరూ అన్నాక కూడా నేను కళ్ళు తెరవలేకపోయాను.