మా ఇంటి బడికి రాయించిన మోటో

మా అమ్మాయిని ఇంటర్ మధ్యలో హాస్టల్ నుంచి తెచ్చేసి, ఇక చదువు ఇంట్లోనే అని తేల్చుకున్నాక, వీధిలో ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పాను. ఎదురింటావిడకు జపాన్ పద్ధతి అన్నాను. ఇస్త్రీ ఆయనకు మాత్రం, ఢిల్లీ నుంచి విమానంలో ఓ పెద్దమనిషి దిగి, టేపుతో మా పిల్ల బుర్ర కొలిచి, ఈ సైజు బుర్రకు క్లాసు రూము చాలదని తేల్చి వెళ్లాడని చెప్పాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నాది. హైదరాబాద్‌లో బయలుదేరనే బయలుదేరని సామాను నందిగామ దాటేసిందని రోజూ చెప్పేవాడికి ఇదో లెక్కా?

అసలు కారణం ఏ వీధికీ చెప్పుకునేది కాదు. మంచినీళ్లు తాగాలన్నా మా పిల్ల చెయ్యెత్తి నిలబడుతోంది. నేను గదిలోకి వెళితే లేచి నుంచుంటోంది. ఇదివరకు నేను కోతలు కోస్తే పకపకా నవ్వి, "కాస్త తగ్గించు నాన్నా, బెజవాడ పట్టట్లేదు!" అనేది. ఇంటికి వచ్చాక ఓ మధ్యాహ్నం, బ్యారేజీ మీద ఎండకు స్కూటర్ టైర్లు కరిగి కృష్ణలోకి కారిపోయాయనీ, రిమ్ముల మీదే ఇల్లు చేరాననీ చెప్పాను.

"అవును నాన్నా," అంది.

ఆ ఒక్క మాట "తగ్గించు నాన్నా" అని మళ్లీ వింటే చాలనుకున్నాను. ర్యాంకులూ గీంకులూ ఎవరికి కావాలి?

మా ఆవిడ లెక్కల్లో డిగ్రీ చదివింది. పాఠాలు తనే చెబుతానంది. "ఏవండీ, బడి అన్నాక ఓ మోటో ఉండాలి. అది చూస్తే పిల్లకు హుషారు రావాలి," అంది.

"ఇడ్లీ చల్లారకముందే ఆల్జీబ్రా."

"మీకన్నీ ఎకసెక్కాలే. క్రమశిక్షణ అని ఏదైనా..."

"ఆ మాటెత్తకు. అది ఆ హాస్టల్ వాళ్ల గేటు మీదుంది."

చాలాసేపు కొట్లాడుకుని "నవ్వుతూ నేర్చుకుందాం" దగ్గర రాజీ పడ్డాం. అమ్మాయిని అడిగితే, "ఏది పెడితే అదే నాన్నా," అంది.

మా కొట్టు వరసలో లారీల వెనక అక్షరాలు రాసే పెయింటర్ ఉన్నాడు. "'నన్ను చూసి ఏడవకు' రాసేదా అన్నా? దానికే గిరాకీ," అన్నాడు.

"లారీకి కాదయ్యా, ఇంటికి."

"ఇంటికైతే మరీ బాగుంటది. చుట్టాలొస్తుంటారుగా!"

చివరికి నే చెప్పిందే రాశాడు. రేకు మీద పసుపు రంగు వేసి, ఎర్రటి అక్షరాలు దిద్ది, ఇటో చిలకనూ అటో చిలకనూ ఊరికే వేసిచ్చాడు. సాయంత్రం దాన్ని భోజనాల బల్ల పైన మేకుకు తగిలించాను. అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి చదివింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ఏది తల్లీ?"

"నవ్వడం. ఇవాళ్టినుంచా, రేపట్నుంచా?"

వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, అది ఊరికే రాయించాంరా బంగారూ!"

"అక్కడా గోడనిండా ఊరికే రాసేవాళ్లమ్మా. తర్వాత చేశావా లేదా అని అడిగేవాళ్లు."

మర్నాడు పొద్దున మేం లేచేసరికే తలంటుకుని, జడ వేసుకుని, బల్ల ముందు కూర్చుని ఉంది. నవ్వుతోంది. పెదాలు ఆ చివర నుంచి ఈ చివరకు సాగి ఉన్నాయి, కళ్లు పుస్తకంలో ఉన్నాయి. మా ఆవిడ లెక్క మొదలుపెట్టి, సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం నవ్వుతూనే లెక్క పూర్తి చేసింది.

నేను కుర్చీ ఎక్కి రేకు దించాను. "ఢిల్లీ వాళ్లు దీన్ని రద్దు చేశారమ్మా. రాత్రే విమానంలో కబురొచ్చింది. ఇక నవ్వక్కర్లేదు," అన్నాను. తగ్గించమంటుందేమోనని, కుర్చీ దిగకుండా అలాగే ఆగాను.

"సరే నాన్నా," అంది. నవ్వు ఆపేసింది.

రేకు కొట్టుకు పట్టుకెళ్లి పాత సైలెన్సర్ల వెనక పడేశాను. పక్క షెడ్డులోంచి పెయింటర్ బ్రష్షు తుడుచుకుంటూ వచ్చాడు.

"బోర్డు చూసి పాప ఏమందన్నా?"

"చూసింది, నవ్విందయ్యా," అన్నాను.

"మన చేతి మహిమ అలాంటిదన్నా," అని మురిసిపోతూ లారీ దగ్గరికి వెళ్లాడు.