దయ్యానికి తలుపు తీయించిన పిన్ని

ఆ రోజుల్లో గుడివాడలో కంప్యూటరు నేర్చుకుంటున్నామంటే పెద్దవాళ్ళు కూడా కాస్త జరిగి కుర్చీ ఇచ్చేవారు. ఆ గౌరవం తలకెక్కి, డిగ్రీ రెండో ఏడాదిలో నేనూ, వీధిలో అందరూ 'కీబోర్డు బావ' అని పిలిచే నా స్నేహితుడూ కలిసి కాలేజీ పోటీకి పది నిమిషాల దయ్యం గేము తయారుచేశాం. కృత్తివెన్ను రొయ్యల చెరువు గట్టున ఒక పాత ఇల్లు, అందులో జుట్టు విరబోసుకున్న ఒక పిచ్చిది, అదే మా దయ్యం. వెంటపడే ఆ పిచ్చిదాన్ని వెనకగదిలోకి తరిమి బయట గడియ పెడితే గెలిచినట్టు. దాని ఏడుపు కోసం బావ వాళ్ళింటి స్నానాలగదిలో దూరి, టేపురికార్డరు ముందు పావుగంట మూలిగాడు. (కడుపునొప్పి అనుకుని వాళ్ళమ్మ తలుపు తట్టి వాము నీళ్ళు అందించింది. "తాగు నాన్నా, తగ్గిపోద్ది" అన్న ఆవిడ మాట ఆ ఏడుపు వెనకాల చివరిదాకా ఉండిపోయింది.)

పోటీకి వారం ముందు ఒక మధ్యాహ్నం నేనూ బావా గేము సరిచూసుకుంటుంటే మా పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. అమ్మకి చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. అంతకు రెండేళ్ళ ముందు ఆవిడ మనసు బాగోక, నిద్రపట్టక, తనలో తను మాట్లాడుకుంటుంటే, ఇరుగుపొరుగు చూడకూడదని మావాళ్ళు నెలరోజులు వెనకగదిలో ఉంచి బయట గడియ పెట్టారు. అడిగినవాళ్ళకి నీరసమని చెప్పేవాళ్ళం. తరవాత విజయవాడలో డాక్టరుగారి మందులతో కుదుటపడింది. ఇదంతా కళ్ళారా చూసిన నేనే ఆ గేము రాశాను. రాస్తున్నప్పుడు పిన్ని గుర్తుకే రాలేదు. సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. "నేనూ ఆడతాన్రా" అని ఆవిడ మౌసు అందుకోగానే నాకు ఆ వెనకగది గుర్తొచ్చింది. కరెంటు పోవాలని మొక్కుకున్నాను. రోజూ ఆ వేళకి పోయే కరెంటు ఆ రోజు పోలేదు.

దయ్యం వెంటపడింది. పిన్ని పరిగెత్తలేదు. (పరిగెత్తడానికి ఏది నొక్కాలో ఆవిడకి మేం చెప్పలేదు.) తెర వంక పరీక్షగా చూసి, "ఎందుకేడుస్తుందిరా ఈ పిల్ల? అన్నం తిందా?" అంది.

"దయ్యం కదా పిన్నిగారూ, తినదండీ" అన్నాడు బావ.

"వెనకాల ఎవరో తాగమంటున్నారుగా. అదన్నా తాగించండి ముందు."

ఇక లాభం లేదని బావే చెయ్యి చాపి ఏవో మీటలు నొక్కి, ఆ పిల్లని గదిలోకి తోసి గడియ పెట్టేశాడు. 'మీరు గెలిచారు' అని తెర మీద అక్షరాలు పడ్డాయి. పిన్ని మౌసు వదిలేసింది. తరవాత మెల్లగా, "లోపలున్నవాళ్ళకే ఎక్కువ భయంరా నాన్నా. అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా, తీస్తారేమో అని చూస్తారు" అంది. నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగడం చేతకాక, "ఇంకోసారి ఆడతావా పిన్నీ?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఆడతాను. ఈసారి నన్ను ఆ పిల్లగా పెట్టు. తలుపు నువ్వు తీద్దువుగాని."

మా గేములో అలాంటి ఏర్పాటు లేదు. మూడు రోజులు కూర్చుని మళ్ళీ రాశాం. ఇప్పుడు గడియ తీసి లోపలికెళ్ళి, ఇంకేమీ చెయ్యకుండా ఆ పిల్ల పక్కన కూర్చోవాలి. పోటీ రోజున లెక్చరరుగారు రెండు నిమిషాలు ఓపిగ్గా కూర్చుని, "దయ్యం ఎప్పుడొస్తుందయ్యా?" అని అడిగి, ప్రైజు పక్కవాళ్ళ కారు రేసుకి ఇచ్చేశారు. ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చిన ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ప్రైజు రాలేదని అన్నం కూడా మానేశాడు గానీ, ఆ నెలరోజుల సంగతి పిన్ని నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారని, ఇంటిల్లిపాదిలో తనకే చెప్పిందని వాడికి తట్టనే లేదు.