నాదొక పొయ్యి

కొల్లేటికి పోతున్నానని చెప్పినప్పుడు మా అన్న మగ్గం మీది చెయ్యి ఆపకుండానే, ఎవరితో అని అడిగాడు. ఎవరితోనూ కాదన్నాను. అప్పుడు ఆగింది చెయ్యి.

ఇది ఎనభైల చివర్లో సంగతి. నేను నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సును. పుట్టింది గద్వాలలో, చీరలు నేసే ఇంట్లో. పెళ్లి చేసుకోలేదు, చేసుకోవాలని అనిపించలేదు. అడిగినవాళ్లందరికీ ఆ మాటే చెప్పి చెప్పి నోరు నొచ్చింది. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని, సుఖంగానే ఉండేదాన్ని. అది మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు.

వనపర్తిలో ఒక పెద్దమనిషి ఏటేటా తీర్థయాత్రల బస్సు నడిపేవాడు. కొల్లేటిలో చలికాలం నీళ్లు కనపడనన్ని పక్షులు దిగుతాయని ఆయనకు ఎవరు చెప్పారో ఏమో, ఈసారి గుళ్లు కాదు, పక్షుల టూరు అని చాటించాడు. నాకు చూడాలనిపించింది. ఎందుకంటే కారణం లేదు. మగవాళ్లు సినిమాకు పోతూ ఇంట్లో కారణం చెప్పి పోతారా?

బస్సెక్కినవాళ్లలో చాలామంది పాత యాత్రికులే. కొల్లేటిని కూడా ఒక క్షేత్రం కింద జమకట్టారు. బయల్దేరేముందు బస్సుకు కొబ్బరికాయ కొట్టారు, దారంతా భజనలు పాడారు. కొల్లేటి ఒడ్డున దిగగానే నీళ్లలో పసుపు కుంకుమలు చల్లి, అందరూ కలిసి గోవిందా అని గొంతెత్తారు. ఎదురుగా తెల్లగా పరుచుకుని ఉన్నదంతా ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది. అంతదూరం వచ్చి పక్షుల్ని మేమే తరిమాం. స్వామి మహిమ అని ఒకావిడ చెంపలు వేసుకుంది. నేను పళ్లు కొరుక్కున్నాను. అవి లోపలికి పోయి కిక్కిస గడ్డి పక్కన వాలతాయనీ, దోనెల్లో చప్పుడు లేకుండా పోతే కనిపిస్తాయనీ అక్కడి పడవలవాళ్లు చెప్పారు. దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ. వంటలు చేసుకుని, తిని, దోనెలెక్కుదామని పెద్దమనిషి అన్నాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. మనుషులను తలలతో కాదు, పొయ్యిలతో లెక్కపెట్టేవాడు. బస్సు దిగిన చోట ఒక కుటుంబం మూడు రాళ్లు పెట్టి వండుకుంటే అది ఒక పొయ్యి. సీట్లైనా, సత్రంలో గదులైనా పొయ్యి లెక్కనే పంచేవాడు. ఒంటరిగా వచ్చిన ముసలమ్మలుంటే ఏదో ఒక పొయ్యికి కలిపేవాడు. నేను ముసలమ్మను కాకపోయినా నన్ను తన అక్కగారి పొయ్యికి కలిపాడు. నన్నొక మాట అడగలేదు. అక్కగారి వెంట కొడుకు, కోడలు, మనవలు ఉన్నారు. దారి పొడుగునా ఆమె మనవడు నా ఒళ్లో, ఆమె బిందె నా కాళ్ల దగ్గర. సత్రంలో ఆమె మోకాళ్లకు నూనె రాసింది కూడా నేనే. రోగికి నూనె రాయడం నాకు నామోషీ కాదు. కానీ సెలవు పెట్టుకుని వచ్చింది దవాఖానను వెంటబెట్టుకుని తిరగడానికి కాదు కదా.

దోనెలు కూడా పొయ్యికొకటే అన్నాడు పెద్దమనిషి. అక్కగారు వెంటనే లెక్క తేల్చేసింది. ఆమె, కొడుకు, మనవలు కూర్చుంటే దోనె నిండుతుంది. నేనూ కోడలూ ఒడ్డున గిన్నెలు తోముకుంటూ సామాన్లు చూసుకోవాలి. కోడలు తల వంచుకుని బియ్యం కడుగుతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంటి దగ్గర అన్నకు ఎదురుచెప్పి, ఊళ్లో వెనక అనుకునే మాటలన్నీ ముందే మింగి వచ్చింది ఇంకొకరి గిన్నెలకు కాపలా కాయడానికా? పక్షుల్ని చూడకుండా తిరిగిపోయేది లేదు.

పోట్లాడితే ఆయన వినడు. అందుకని వాదించలేదు. ఒడ్డు వెంట పోయి మూడు రాళ్లు ఏరుకొచ్చాను. కొంచెం ఎడంగా పేర్చి, నాలుగు పుల్లలు పెట్టి అంటించాను. దోనెవాళ్లను అడిగి చిన్న దబర గిన్నె తెచ్చుకుని గుప్పెడు బియ్యం పోశాను. ఆడవాళ్లంతా వంటలు వదిలేసి నన్నే చూస్తున్నారు. పొగకు కళ్లు మండుతున్నా నేను తల తిప్పలేదు. పెద్దమనిషి గబగబా వచ్చాడు.

"గిదేంది సిస్టరమ్మా? ఒక్క మనిషికి పొయ్యేంది? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యుర్రి. ఒక్కదాన్నైనా నాకూ ఆకలైతది. నాదొక పొయ్యి, నాకొక దోనె ఇయ్యుర్రి."

ఏళ్ల తరబడి తానే నడిపిన పద్ధతి, అందరి ముందు ఆయన కాదనలేడు. గొణుక్కుంటూ పోయి ఇంకో దోనెను పిలిచాడు. ఆ అన్నం సగం ఉడికింది, సగం మాడింది. అయినా అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

దోనెలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. అక్కగారి దోనె ఇంకా ఒడ్డునే ఉంది, మనవలు సీటు కోసం కొట్టుకుంటున్నారు. నేను నా దోనెలో కూర్చుని చూస్తే కోడలు గిన్నెల ముందు కూర్చుని ఉంది. చేతులు బూడిదలో ఉన్నాయి, చూపు నీళ్ల మీద ఉంది. రమ్మని పిలిచాను. ఆమె అత్త వైపు చూసింది.

"గామె మా పొయ్యి మనిషి," అంది అక్కగారు.

"మీ దోనెల జాగ లేకపాయె కద. నా దోనెల ఉంది," అన్నాను.

కోడలు లేచింది. చేతులు కడుక్కుంది. చీర కొంచెం పైకి పట్టుకుని నీళ్లలో నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. దోనె అతను గెడకర్ర వేసి తోశాడు. తామరాకులు దాటాం. దూరంగా గడ్డి పక్కన గూడకొంగలు కనిపించాయి. ముక్కుల కింద సంచులు వేలాడేసుకుని, ఎవరి గొడవా పట్టనట్టు ఈదుతున్నాయి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

అంతలో ఒడ్డు నుంచి అక్కగారి కేక వినిపించింది. వెనక్కి రమ్మని కోడల్ని పేరు పెట్టి పిలుస్తోంది. దోనె అతను గెడ ఆపి నా ముఖం చూశాడు.

"తిప్పమంటారామ్మా?"

నేను జవాబు చెప్పబోయేలోగా కోడలు అందుకుంది.

"నన్నడుగు, అన్నా. తిప్పకు. జర మెల్లగ పోనియ్యి, పిట్టలు లేస్తయి."

అతను గెడ నెమ్మదిగా దించాడు. ఒడ్డున ఆమె ఇంకా పిలుస్తూనే ఉంది. మేమిద్దరం వెనక్కి చూడలేదు.