ఇప్పిన చక్రం

మొన్న బస్టాండ్ పక్కన ఒక మెకానిక్ కిరోసిన్ గిన్నెలో సైకిల్ బేరింగు గోళీలు కడుగుతుంటే, ఆ వాసనకు ఆగిపోయాను. చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మా తాత పాత సైకిల్‌ను నాయిన బాగు చేయమని ఇస్తే, ఏడాది దాటినా అది మెకానిక్ మొగులయ్య దుకాణంలోనే విప్పి పడి ఉండేది. తాత రోజూ పోయి దాని పక్కనే కూర్చునేవాడు.

మాది బట్టల దుకాణం. మనిషిని నమ్మే ముందు బట్ట తానును కొలిచి చూసుకునే ఇల్లు. మొగులయ్య సైకిల్ అసలు సామాను మాయం చేస్తుండని నాకు గట్టి అనుమానం. అందుకే మా తానులకు వేసే గుర్తునే ఇనుప మొలతో రెండు చక్రాల మీద గీసి, బడి నుంచి వస్తూ రోజూ తనిఖీ చేసేదాన్ని. గుర్తులు ఉండేవి. కానీ ఇవాళ బిగించిన చక్రం రేపటికి మళ్ళీ ఊడదీసి ఉండేది.

"ఏంది కాకా, నిన్న బిగించింది మల్ల ఇప్పినవ్? సామాను ఎవరి సైకిల్‌కు మారుస్తున్నవ్?" అని నిలదీశాను.

"నన్నెందుకంటవ్ పోలీసమ్మా? మీ తాతనే అడుగు," అని నవ్వాడు మొగులయ్య.

తాత గొంతు తగ్గించాడు. "తయారైతే మీ నాయిన అమ్మేస్తడు బిడ్డా. బీదర్ ఆయనకు మాటిచ్చిండు."

ఆ సాయంత్రం సైకిల్ ఏమైందని నాయిన అడిగితే, చైన్ హైదరాబాద్ నుంచి రావాలంట అని చెప్పాను. కొననొచ్చిన గిరాకీ అబద్ధాన్ని గల్లాపెట్టె దగ్గర నుంచే పట్టే మనిషి, నన్ను కాసేపు చూసి, "రానీ తియ్, జల్దేముంది" అన్నాడు. ఎంత బాగా నమ్మించానో అని చానా రోజులు మురిసిపోయాను.

చైన్ వచ్చిందా అని నాయిన మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు నా అనుమానమంతా ఆయన మీదనే.