ఎనిమిదో బోల్టు

ముందుగాల ఒక మాట. నేను నవ్వులాట మనిషిని. ఇచ్చోడల ఎవ్వలనడిగినా చెప్తరు. శంకర్ ఏదన్న చెప్పిండంటే సగం కోసి పారేసి, మిగిలింది కడిగి చూసుకోవాలె అంటరు. ఏడో తరగతిల సారు నన్ను "బయటికి పో" అన్నడు. పోయిన. ఇంకా లోపలికి పిలువలే. గసుంటి మనిషిని.

గందుకే గీ ముచ్చట ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్న. చెప్తే నవ్వుతరని. కానీ ఇది నవ్వులాట కాదు. బువ్వ తినే చెయ్యి మీద ఒట్టు. ఆ రాత్రి పానా పట్టింది గూడ గీ చెయ్యే.

సరే... మొదటికెళ్లి చెప్త.

హైవే పక్కన మాకు వెల్డింగ్ షెడ్డు ఉండె. మాకు అంటే నాకూ, రాజేశానికీ. వాడు సిరిసిల్లోడు. ఇంట్ల అందరూ పవర్‌లూమ్ మీద బతికినోళ్లే. మగ్గాల సప్పుడుల పుట్టినోడు, సప్పుడు లేకుంటే పానం ఉండదంటడు. గందుకేనేమో నాతోని పదకొండేండ్లు ఉన్నడు. నా నోటికి మించిన మగ్గం ఏడ దొరుకుతది? నేను వంద మాటలంటే వాడు ఒక్కటి అంటడు. గా ఒక్కటి గూడ "ఊ" అని.

చలికాలం. కరీంనగర్ నుంచి ఒక కాంట్రాక్టరు సారు జీపు తెచ్చిండు. నాలుగు చక్రాలకూ గేరు పడే జీపు. అడవుల రోడ్డు పని పట్టిండట.

"ఎనుక సీట్లు పీకెయ్ శంకర్. ఇనుప పెట్టె కూసోబెట్టు. తాళం పడాలె. కొలతల మిషన్లుంటయి అండ్ల. దుమ్ము చొరవద్దు, నీళ్లు చొరవద్దు, దొంగ అసలే చొరవద్దు."

"గాలన్న చొరచ్చా సార్?" అన్న.

"గాలి గూడ వద్దు" అన్నడు. ఇద్దరం నవ్వినం.

పెట్టె అంటే చిన్నది కాదు. డ్రైవరు సీటు ఎనుక నుంచి ఎనుక తలుపు దాక. మనిషి మోకాళ్లు ముడుచుకొని పండుకుంటే పడుతడు. పైన మూత. మూత చుట్టూ రబ్బరు పట్టీ. తాళం కారు డిక్కీకి ఉండేసుంటిది... మూత కొడితే దానంతట అదే పడుతది. తియ్యాలంటే బయటి నుంచి తాళంచెవి పెట్టాలె.

ఇగ గిది జర మంచిగ వినుండ్రి. గా పెట్టెను జీపుకు బిగించుడు ఒక్కనితోని కాదు. అడుగుల ఎనిమిది తూట్లు. ఒకడు పెట్టె లోపల కూసొని బోల్టు తలను పానాతోని పట్టుకోవాలె. ఇంకొకడు జీపు కింద ఎల్లెలకల పండుకొని నట్టు బిగించాలె. పైనోడు పట్టకపోతే బోల్టు ఊకె తిరుగుతది. కిందోడు లేకపోతే... నట్టే ఎక్కది.

పని సప్పుడుల పైన మాట కిందికి ఇనరాదు. గందుకే మేము పానాతోని రేకు మీద కొడుతం. ఒక్క దెబ్బ అంటే "పట్టుకో". రెండు దెబ్బలంటే "అయింది, ఇంకోదానికి నడువు". పదకొండేండ్ల నుంచి మాది గదే భాష.

ఆ రోజు పొద్దంత కరెంటు లేదు, ఎక్కడో లైన్ పని. పొద్దుగాల జీపు ఇయ్యాలె. రాత్రి ఎనిమిదింటికి కరెంటొస్తే పని షురూ చేసినం. మూతను ఎత్తిపట్టే గ్యాస్ రాడ్లు ఇంకా పెట్టలే, మూతకు కట్టె ఆనించినం, పడకుండ. నేను లోపలికి దిగిన. వాడు చేతిలైటు పట్టుకొని కింద దూరుతుండు.

నాకు ఊకుండ బుద్దికాలే. గా వారమే చాయ్ హోటలాయన అన్నడు, రాజేశం ఆసిఫాబాద్‌ల షెడ్డు కిరాయికి చూస్తుండట గదా అని. నేను నవ్విన. నాకు చెప్పకుండ వాడు చెంబు పట్టుకొని గూడ పోడు అన్న. కానీ మనసుల ముల్లు ఇరిగింది.

"ఏమ్రా రాజేశం, ఆసిఫాబాద్‌ల గాలి మంచిగుంటదట గదా?"

వాడు ఆగిండు. నా దిక్కు చూసిండు. "ఎవ్వలు చెప్పిన్రు?"

"గాలే చెప్పింది."

"ఊ" అన్నడు. కింద దూరిండు. గంతే.

ఒకటో బోల్టు. రెండు. మూడు. నాలుగు. మంచిగనే అయినయి. మిగిలిన నాలుగు తూట్లకెళ్లి కింది లైటు పైకి కొడుతుంది, నా అంగి మీద పైసలు ఏసినట్టు గుండ్రంగ. అయిదోదానికి ఒంగిన. పానా కోసం చెయ్యి సాపిన...

ఠప్‌ప్.

చీకటి.

మూత పడ్డది. తాళం పడ్డ సప్పుడు గూడ ఇన్న... టిక్. సన్నగ.

ముందుగాల నవ్విన. నిజంగ నవ్విన. పొద్దుగాల నేను వాని చెప్పులల్ల గ్రీసు పూసిన మరి. బదులు తీర్చుకుంటుండు అనుకున్న.

"అరేయ్ రాజేశం! సాల్‌తియ్. చెప్పులు నేనే కడుగుత, తియ్!"

సప్పుడు లేదు.

"నీ కాళ్లు గూడ కడుగుతరా!"

లేదు.

ఫోన్ ఏమో బయట గూట్ల ఛార్జింగుకు పెట్టిన. కాళ్లతోని మూతను తన్నిన. నేనే చేసిన మూత. మంచిగ చేసిన. ఊగలే గూడ. జిందగీల మొదటిసారి నా పని నాకే నచ్చలే.

అప్పుడు... కింది నుంచి...

టంగ్.

ఒక్క దెబ్బ.

అబ్బా, పానం లేసొచ్చింది. ఉన్నడు కొడుకు. కిందనే ఉన్నడు. పని అయినంక తీస్తడు అనుకున్న. తడుముకుంట అయిదో తూటుల బోల్టు పెట్టిన. పానా పట్టిన. కింద నట్టు ఎక్కుతుంది... నాకు చేతికి తెలుస్తుంది, గిర్ర్... గిర్ర్... నిమ్మలంగ. బిగిసింది.

టంగ్ టంగ్.

ఆరోది. టంగ్. పట్టుకున్న. గిర్ర్... గిర్ర్... టంగ్ టంగ్.

"నువ్వు గిట్ల మాట్లాడకుంటే నేను మీ ఇంటిదానికి చెప్త, బస్టాండ్ల జిలేబి ముచ్చట" అన్న. దానికైతే వాడు తప్పకుంట తిడుతడు.

తిట్టలే.

గప్పుడు చూసిన. ఇంకా రెండు తూట్లున్నయి గదా... లైటు లేదు. తూట్లు నల్లగున్నయి. చేతిలైటు ఆర్పేసిండు. కటిక చీకట్ల, జీపు కింద, నట్టు ఎట్ల దొరుకుతుంది వానికి? నాకు పైన బోల్టు తడుముకోనీకే తిప్పలైతుంది.

ఇంకోటి... రాజేశానికి పిల్లికూతలు. దుమ్ము పడది. కింద పండుకుంటే ఛాతిల ఈల ఊదినట్టు ఇనబడుతది, పైకి గూడ. తూటుకు చెవి పెట్టిన.

ఏమీ లేదు. ఊపిరే లేదు.

చెవి తీసిన.

"రాజేశం..." అన్న. "నువ్వే అయితే... మూడు దెబ్బలు కొట్టు."

ఆగిన.

ఆగిన...

టంగ్.

ఒక్కటే. పట్టుకో.

మీరైతే ఏం చేస్తుంటిరో నాకు తెల్వదు. నేను పట్టుకున్న. నవ్వకుండ్రి. భయమైనప్పుడు చెయ్యి అలవాటైన పనే చేస్తది. ఏడో బోల్టు పెట్టిన, పట్టుకున్న. కింద నట్టు తిరిగింది. గిర్ర్... గిర్ర్... ఎప్పటి లెక్కనే. మంచి పనోని చెయ్యి.

టంగ్ టంగ్.

ఇగ గప్పుడు తెలిసింది నాకు. ఊపిరి ఆడుతలేదు. మూతకు రబ్బరు. గాలి గూడ వద్దన్నడు గదా సారు... నేనే దగ్గరుండి అతికించిన. లోపలికి గాలొచ్చేది గా తూట్లకెళ్లే. ఒక్కొక్క బోల్టు పెట్టుకుంట, ఒక్కొక్క తూటు మూసుకుంట వచ్చిన. నా చేతులతోని నేనే. ఇగ ఒక్కటే మిగిలింది.

టంగ్.

నేను పెట్టలే.

బోల్టు పిడికిట్ల పట్టుకున్న. బోర్ల పండుకొని నోరు గా తూటుకు ఆనించిన. ఇనుము సల్లగ... నాలుకకు తుప్పు రుచి. గుటుకు గుటుకు గాలి తాగిన.

టంగ్.

మూతి పక్కపొంటే. పండ్లు అదిరినయి. అయినా మూతి తియ్యలే.

జరసేపటికి బయట నా ఫోన్ మోగింది. నా పాటే. మా ఇంటిది, సుజాత. మోగింది, మోగింది, ఆగింది. మళ్ల మోగలే. నేను ఒర్రిన. ఏడ్చిన. అవ్వ, బాపు అందరినీ పిలిచిన. రాజేశాన్ని పిలిచిన, అందరికన్న ఎక్కువ వాన్నే. కింద అది ఇనుకుంట ఉన్నది. నా ఏడుపు ఆగినప్పుడల్ల, తొందర లేకుండ...

టంగ్.

తెల్లారేదాక గట్లనే.

కోడి కూసినంక ఆగింది. ఇంకా జరసేపటికి షట్టర్ లేసిన సప్పుడు. చెప్పుల సప్పుడు. తాళంచెవి తిరిగింది. మూత లేసింది. రాజేశం. చేతిల రెండు చాయ్ గ్లాసులు, ఒకదాని మీద ఒకటి. వాని మొఖం చూసిన... గ్లాసులు జారి పడ్డయి.

"అరేయ్... నువ్వు గీండ్ల ఏం చేస్తున్నవ్‌రా?"

నేను లేవలేకపోయిన. కాళ్లు కట్టెలైనయి. వాడే ఎత్తుకొని కింద కూసోబెట్టిండు. అంగి గల్ల పట్టుకున్న వానిది.

"ఎందుకు చేసినవ్‌రా? షెడ్డు పెట్టుకుంటే పెట్టుకో. పోతానంటే పట్టుకుంటనా నేను? చంపుతవా?"

"నేనేం చేసిన?" అన్నడు. "రాత్రి నాలుగో బోల్టు కాంగనే నువ్వే దిగినవ్ గదరా. కట్టె నువ్వే తీసి గోడకు పెట్టినవ్. మూత నువ్వే ఏసినవ్. నడువు, మిగిలింది పొద్దుగాల చేద్దాం అన్నవ్. హైవే ఎంబడి చౌరస్తా దాక కలిసి నడిసినం. సుజాతక్క నాకు ఫోన్ చేస్తే చెప్పిన గూడ, వస్తుండు అని."

"నేనా?"

"నువ్వే. కానీ... తొవ్వంత ఒక్క జోక్ ఎయ్యలే. నేను అడిగిన గూడ, పానం బాలేదా అని. ఊ అన్నవ్. గంతే."

కట్టె నిజంగనే గోడకు ఆనించి ఉంది. ఊకె పడితే కింద పడాలె గదా.

ఇద్దరం జీపు కిందికి ఒంగి చూసినం. ఏడు నట్లు బిగిసి ఉన్నయి. రాజేశానికి ఒక అలవాటు, బిగించినదానికల్ల చాక్‌పీసుతోని గీత గీస్తడు. నాలుగింటికి గీతలున్నయి. మూడింటికి లెవ్వు. కానీ అవి గూడ గంత సాపుగ, వాని చెయ్యి లెక్కనే బిగిసి ఉన్నయి.

ఇంటికి పోయి సుజాతను అడిగిన. రాజేశం ఫోన్ల గట్లనే చెప్పిండట, వస్తుండు అని. మరి రాకపోతే ఏమనుకున్నవే అన్న. "ఏ దాబాల కూసొని ఎవ్వలను నవ్విస్తున్నవో అనుకున్న" అన్నది. గదీ నా ఇజ్జత్.

ఎనిమిదో బోల్టు కాంట్రాక్టరు సారు డ్రైవరుతోని పట్టించి నేనే బిగించిన. కిందికెళ్లి. లోపలికి మళ్ల పోలే.

నెల తిరగకముందే రాజేశం ఆసిఫాబాద్ పోయిండు. షెడ్డు మాట నిజమే. నాకు చెప్పనిది గూడ నిజమే. పోయేటప్పుడు ఒక్కటే అడిగిండు, "నన్ను నమ్ముతున్నవా లేదా చెప్పు" అని. నేను ఏదో జోక్ ఏసిన. ఏమేసిన్నో గూడ యాదికి లేదు. వాడు నవ్వలే.

రాత్రిళ్లు పండుకొని లెక్క ఏసుకుంట. వాడు చెప్పింది నిజమైతే, నా మొఖం పెట్టుకొని ఇంకోడు గీ ఊర్ల నడిసిండు. వాడు చెప్పింది అబద్ధమైతే... రాత్రంత జీపు కింద పండుకొని, ఊపిరి బిగవట్టి, నా ఏడుపు ఇన్నది నా రాజేశం. నేను దేవునికి ఏం మొక్కుకుంటనో తెలుసా? అది దయ్యమే కావాలె అని. నవ్వుతరా? నవ్వుండ్రి. దయ్యమైతే నాకు ఫికర్ లేదు.

మొన్న వాడు ఫోన్ చేసిండు. చానొద్దులకు. దగ్గుతుండు.

"శంకర్, ఒక జీపొచ్చిందిరా. పెట్టె కూసోబెట్టాలె. ఈడ పనోళ్ల మీద నాకు భరోసా లేదు. నువ్వు రా." మళ్ల దగ్గిండు. "లోపలికి నేను పోత. కింద నువ్వుండు. తాళంచెవి నీ దగ్గర్నే పెట్టుకో."

నేను ఫోన్ పెట్టెయ్యలే. వాడు పెట్టెయ్యలే. ఛాతిల గా ఈల ఇనబడుతుంది, సన్నగ. ఇద్దరం ఫోన్ పట్టుకొని గట్లనే కూసున్నం.

రేపు పొద్దుగాల ఆసిఫాబాద్ బస్సు ఆరింటికి. సుజాత సద్ది కట్టాల్నా అని అడుగుతుంది. ఇంకా చెప్పలే నేను. వాడు లోపలికి దిగి, నా మీద నమ్మకంతోని మోకాళ్లు ముడుచుకొని కూసున్నంక... తాళంచెవి నా జేబుల ఉన్నంక... నా చెయ్యి ఏం చేస్తదో, నాకు తెల్వదు.