కళ్ళం మీద పుస్తకం

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయి మంచం పట్టాననుకోకండి. తిన్నాను, నవ్వాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, ఏటేటా మిరప వేశాం, అమ్ముకున్నాం. అబద్ధం మాత్రం లోపలే ఉండిపోయింది. దాన్ని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. అవును, మెచ్చుకుంటారు. మొన్న కూడా ఒకావిడ రాసింది, "మీలాగా నిజాయితీగా రాసేవాళ్ళు తగ్గిపోయారండీ" అని. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఇందులో వచ్చే పేర్లు కూడా అసలువి కావు. ఒప్పుకోవడానికని కూర్చుని ముసుగు వేసుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. పిరికితనమే. అయినా ఈమాత్రం కూడా చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పను, నా సంగతి నాకు తెలుసు.

నేను ఒంగోలులో పుట్టి పెరిగి, డిగ్రీ చదివి, దర్శి వైపు ఒక రైతు ఇంటికి కోడలిగా వచ్చాను. చీరల పెట్టెతో పాటు పుస్తకాల పెట్టె కూడా తెచ్చుకున్న కోడలినని ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. ఫోన్లు వచ్చాక, కొత్తగా వస్తున్న కథలూ నవలలూ చదివి అభిప్రాయాలు పంచుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. అందులో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. పొలం గట్టు మీద నిలబడి ఫోను చూసేది నేనొక్కదాన్నే. అందుకని పల్లెటూరి కథ ఏది వచ్చినా, "మేడం, మీ వైపు నిజంగా ఇలాగే ఉంటుందా? మీరు చెప్పండి" అని అడిగేవాళ్ళు. ఒకసారి ఒక పేరున్న రచయిత, పత్తి తీసేవాళ్ళ చేతికి కొడవలి ఇచ్చాడు. పత్తిని కొడవలితో కోస్తారా ఎవరైనా? ఆయన్ను ఏకిపారేశాను. ఆ రోజు నుంచి గ్రూపులో నా మాటకు తిరుగులేకుండా పోయింది. ఇంట్లో ఉప్పు ఎంత వెయ్యాలో తప్ప నన్నెవరూ ఏదీ అడగరు. ఇక్కడ ఇంతమంది అడుగుతుంటే బాగుండేది. బాగుండేదేమిటి, దానికోసమే పొద్దున లేచేదాన్ని.

అప్పుడొచ్చింది ఆ నవల. మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళ మీద. రాసినామె కొత్త, పుస్తకం మీద ఉన్నది కలం పేరు, ఏ ఊరో వేయలేదు. చిన్న ప్రచురణకర్త, కొన్ని కాపీలే వేశాడు. మా గ్రూపంతా కలిసి చదివి, బాగుంటే ఒంగోలులో జరగబోయే మా పాఠకుల సభకు ఆమెను పిలవాలనుకున్నారు. ఆ సభలో నాలుగు మంచి మాటలు వస్తే రెండో ముద్రణ వేస్తానన్నాడట ప్రచురణకర్త. అందరూ ఎప్పటిలాగే నా వైపు చూశారు.

నాకు ఆ నవల నచ్చింది. ఇది ముందు చెప్పాలి. కోత నుంచి వచ్చిన తల్లి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట పోక, పాలకేడుస్తున్న చంటిదాన్ని మోచేతులతో ఎత్తుకునే చోట ఏడ్చాను. ఏడుస్తూనే పేజీ తిప్పాను. కళ్ళం దగ్గర జరిగే ఘట్టం మొదలైంది. రెండు పేజీలు చదివేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

కళ్ళం అంటే పొలం పక్కన కాయలు ఆరబోసుకునే చోటు. ఎర్రకాయల్లోంచి రంగు పోయి తెల్లబారిన కాయల్ని ఏరి పక్కన పోస్తారు. అవి తాలుకాయలు. వాటికి పెద్ద ధర ఉండదు. మా అత్తగారు బతికున్న రోజుల్లో, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళే కూలివాళ్ళ ఒడిలో తలా పిడికెడు తాలుకాయలు ఆవిడే తన చేత్తో పోసేది. ఆవిడ పోయాక కళ్ళం నా చేతికొచ్చింది. నేను ఇవ్వనని అనలేదు. ఇవ్వలేదు, అంతే.

ఈ నవల రావడానికి కొన్నేళ్ళ ముందు, ఒక ఏడాది మిరప ధర బాగా ఉంది. ధర ఉన్న ఏడాది మనుషుల మీద అనుమానం కూడా పెరుగుతుంది. నేను టార్పాలిన్ పట్టా నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వేరే నవల ఒకటి చదువుకుంటున్నాను. పొద్దు వాలింది. కోతవాళ్ళు బయల్దేరుతున్నారు. నేను లేవలేదు. చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని, "అందరూ ఒడి దులిపి వెళ్ళండి" అన్నాను. దులిపారు. మార్తమ్మ ఒడిలోంచి పిడికెడు కాయలు రాలాయి. చర్చి వెనక ఇళ్ళలో ఉండేది మార్తమ్మ. మా అత్తగారి కాలం నుంచీ మా కోతకు వచ్చే మనిషి.

"తాలుకాయలేనమ్మా. పెద్దమ్మగారు పెట్టేదిగా" అంది.

అంతే. ఆ ఒక్క మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పెద్దమ్మగారు పెట్టేది, నువ్వు పెట్టవు అన్నట్టు వినపడింది నాకు. ఆమె అలా అన్నదా? ఏమో. చీర మీద కోతవాళ్ళు మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటారు, చేతులకు మంట తగలకుండా. "చొక్కా కూడా విప్పి దులుపు" అన్నాను. పక్కనే బస్తాలు కుడుతున్న మగవాళ్ళున్నారు. ఆమె విప్పింది. లోపల రవిక వీపు మీద భుజం దాకా చిరిగి ఉంది. మిగతావాళ్ళు పని అయ్యాక చొక్కాలు విప్పి చంకన పెట్టుకుంటే, ఈమె ఒక్కతే ఇంటిదాకా ఎందుకు వేసుకునే వెళ్ళేదో అప్పుడు అందరికీ తెలిసింది. మర్నాటి నుంచి ఆమె మా కోతకు రాలేదు.

నేనప్పుడు చదువుతున్న పుస్తకం ఏమిటో తెలుసా మీకు? అదీ ఒక కూలి మనిషి కష్టాల కథే. దానికి ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. సిగ్గులేని కన్నీళ్ళు.

ఆ నవలలో ఇదంతా ఉంది. కుర్చీ, నీడ, ఒడి, చొక్కా, రవిక. పేజీలో పెట్టుకున్న వేలు కూడా ఉంది. అవమానంతో తల దించుకున్న మనిషి నా వేలు ఎప్పుడు చూసింది? చూసింది, గుర్తుపెట్టుకుంది, ఇంటికి వెళ్ళి కూతురికి చెప్పింది. మార్తమ్మకు ఒక కూతురుందనీ, ఒంగోలులో చదువుకుని ఎక్కడో టీచరు అయిందనీ నాకు తెలుసు. రూతు అందాం. పుస్తకం రాసింది రూతేనని నాకు ఆ వేలు దగ్గరే అర్థమైంది. నన్ను రాక్షసిలా రాసినా బాగుండేది, అలా అయితే ఆ మనిషి నేను కాదని నన్ను నేను నమ్మించుకునేదాన్ని. రాక్షసిలా రాయలేదు. చదువుకున్నది, నెమ్మదస్తురాలు, గొంతు కూడా పెంచదు అని రాసింది. ఆ ఘట్టం చొక్కా విప్పడంతో ఆపేసింది. ఆ తర్వాత ఏమైందో రాయలేదు.

భయం వేసిందని చెబితే మీరు జాలిపడతారేమో. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నా పొలంలో పనిచేసిన మనిషి కూతురు నా గురించి రాయడమా? నేను కదా చదివేదాన్ని, నేను కదా అభిప్రాయం చెప్పేదాన్ని! ఇలాగే అనుకున్నాను. ఇప్పుడు రాసింది కొట్టెయ్యాలనిపిస్తోంది, అయినా కొట్టెయ్యను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని సమీక్ష రాశాను. తెలివిగా రాశాను. ముందు భాషను మెచ్చుకున్నాను. మోచేతులతో బిడ్డను ఎత్తుకునే చోటు ఏడిపించిందన్నాను, అది నిజమే కదా. తర్వాత, "కానీ" అని మొదలుపెట్టాను. మా ప్రాంతంలో కూలివాళ్ళ ఒడి దులిపించే అలవాటు లేనే లేదన్నాను. తాలుకాయలు రైతే తన చేత్తో పోసి పంపుతాడు అన్నాను. అబద్ధమా? మా అత్తగారి చెయ్యి తెచ్చి నా చేతికి తొడుక్కున్నాను. రచయిత్రి కళ్ళం ఎప్పుడూ చూసి ఉండదని తేల్చాను. చివర్లో ఒక చమత్కారం కూడా వేశాను. మిరప కళ్ళం మీద కుర్చీ వేసుకుని నవల చదివే రైతు భార్యను మా జిల్లాలో ఎవరైనా చూపిస్తే కిలో కాయలు బహుమతి ఇస్తానని.

ఎంత నవ్వారో. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది అక్కడే. నేను రైతు భార్యనని వాళ్ళందరికీ తెలుసు. నవలలు చదువుతానని తెలుసు. అంతకుముందు ఏడాదే మా కళ్ళంలో ఎర్రటి కాయల మీద ఒక పుస్తకం పెట్టి ఫొటో తీసి ఆ గ్రూపులోనే పెట్టాను. ఆహా ఓహో అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా అంతట నేనే తడుముకుంటుంటే, అన్ని వందల మందిలో ఒక్కరికి, ఒక్కరికైనా అనుమానం రాకూడదా? పుస్తకాలు చదివి చదివి ఏం నేర్చుకున్నట్టు వీళ్ళు? ఇలా వాళ్ళ మీద అరుస్తాను లోపల. తిలా పాపం తలా పిడికెడు అని పంచేద్దామని చూస్తాను. పంచలేను. వాళ్ళు నన్ను నమ్మారు. నమ్మడం వాళ్ళ తప్పయితే, నమ్మించింది ఎవరు?

రూతు ఆ గ్రూపులోనే ఉందని నాకు తెలియదు. రెండు రోజుల తర్వాత నా సమీక్ష కింద కలం పేరుతోనే ఒక ప్రశ్న రాసింది.

"నమస్తే అండి. ఒక్కటే అడుగుతాను. మీరెప్పుడైనా కళ్ళం మీద పుస్తకం చదివారా?"

జవాబు చెప్పకుండా వదిలేసినా సరిపోయేది. ఎవరూ నిలదీసేవారు కాదు. కానీ అందరూ చూస్తున్నారు. అందుకని రాశాను.

"లేదమ్మా. కళ్ళం మీద పనే సరిపోతుంది, పుస్తకం ఎక్కడ పట్టుకుంటాం?"

దానికీ మెచ్చుకోళ్ళు పడ్డాయి. కాసేపటికి ఆమె రాసింది.

"సరే అండి. మా అమ్మకి అట్లాగే చెప్తాను."

ఆ తర్వాత గ్రూపు నుంచి వెళ్ళిపోయింది. కూలి మనుషుల బతుకు తెలియకుండా రాసిన పుస్తకమని పేరు పడింది, ఆమె పుస్తకానికి! నా సమీక్షను ఎవరెవరో ఎక్కడెక్కడో పెట్టుకున్నారు. ఒంగోలు సభకు ఆమె బదులు ఇంకొకరిని పిలిచారు. రెండో ముద్రణ రాలేదు. సభలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, కూర్చున్నాను. రూతు మళ్ళీ ఏమైనా రాసిందేమోనని అప్పుడప్పుడు ఆ కలం పేరు వెతుకుతాను. ఇప్పటిదాకా నాకేమీ కనపడలేదు. వెతకడానికి నాకేం హక్కుంది? కనపడితే ఏం చేద్దామని? మళ్ళీ అభిప్రాయం చెబుదామనా?

మార్తమ్మ ఇప్పటికీ మా వీధి మీదుగానే ఆటోలో కోతకు వెళ్తుంది, వేరేవాళ్ళ పొలాలకు. మీద చొక్కా ఉంటుంది. నేను గుమ్మంలో కనపడితే, "బాగున్నారా అమ్మా" అంటుంది. ఒక్క తిట్టు తిట్టినా నా ప్రాణానికి హాయిగా ఉండేది. నా సుఖం కోసం ఆమె ఎందుకు తిట్టాలి? ఆ ప్రశ్న వేసుకుని లోపలికి వచ్చేస్తాను.

నా సమీక్ష ఆ గ్రూపులో పైనే అతికించి ఉంది, కొత్తవాళ్ళకు సమీక్ష ఎలా రాయాలో చూపించడానికి. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే నా అబద్ధం కనపడకుండా పోతుంది, రూతు మాత్రం అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. అందుకే తీయలేదని చెప్పుకుంటాను. నిజానికి, తీస్తే ఎందుకు తీశావని అడుగుతారని కూడా. నా పేరుతో నిజం రాయడానికి ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నాలుగో వాక్యానికల్లా మార్తమ్మ కన్నా నేనే ఎక్కువ బాధపడ్డట్టు తయారయ్యేది. చెరిపేసేదాన్ని.

ఇది చదివి నన్ను క్షమించాలని చూడకండి. మీరు క్షమించడానికి మీకేం చేశాను నేను? వినండి, చాలు. ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా కోపంగానే ఉంది.

రూతూ, నువ్వడిగినదానికి జవాబు ఇదీ. చదివానమ్మా. కళ్ళం మీద, పట్టా నీడలో, కుర్చీలో కూర్చుని చదివాను. మీ అమ్మ చెప్పిందంతా నిజం. ఒక్కటి మాత్రం నీ పుస్తకంలో లేదు, మీ అమ్మ నీకు చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు మీ అమ్మ చొక్కా విప్పి, అందరి ముందూ రెండుసార్లు గట్టిగా దులిపింది. దాంట్లోంచి ఒక్క కాయ కూడా రాలలేదు. నేను చూశాను. చూసి, వేలు తీసి, చదువుకున్నాను.