ఉస్తాద్ ఎడమ చక్రమన్న రోజు

మా తార్నాక మెకానిక్ షెడ్డుల ట్రయల్ సీటని ఒకటుంటది. డ్రైవర్ సీటు కాదు, ఆ పక్కది. దాంట్ల కూసొని ఏ చక్రం అరుస్తున్నదో చెప్పేటోడే మా కాడ ఉస్తాద్. ఇప్పుడు దాంట్ల నేను కూసుంటున్న. ఎట్లొచ్చిందో చెప్తా ఇనుండ్రి. ఇది ఇని నన్ను మంచోడనేటోళ్లు ఎవరూ ఉండరు, ఉండొద్దు గూడ.

మా ఉస్తాద్ ముప్పై ఏండ్లు ఆ సీట్ల కూసున్నడు. తార్నాక రోడ్డు మీద బస్సులు, హారన్లు, నెత్తి మీద మెట్రో, గాడ బేరింగ్ సప్పుడు దేవునికి గూడ ఇనబడది. అందుకే బండిని యూనివర్సిటీ లోపలికి తోలుకపోతం. హాస్టళ్ల వెనక రోడ్డు మీద ఎవరన్న తుమ్మినా ఇనబడతది. ఉస్తాద్ చెప్పులు విప్పి, ఉత్తకాళ్లు కింద రేకు మీద పెట్టి, కండ్లు మూసుకునేటోడు. "కుడిది, లోపలి బేరింగ్" అనేటోడు. విప్పితే అదే! ఆయన చెవి కోసం అంబర్‌పేట్ నుంచి, నల్లకుంట నుంచి బండ్లొచ్చేవి.

ఆ చెవి గీర నా మీద చూపెట్టేటోడు. ఒకపాలి నేను కుడిని ఎడమ అన్న. చాయ్ కొట్టు కాడ స్టూడెంట్లందరు చూస్తుండంగ నా చెవి పట్టి మెలేసిండు. "ఇవి చెవులారా, చాటలా?" అన్నడు. అప్పటికి నాకు ముప్పై నాలుగేండ్లు. నా బిడ్డ బడికి పోతున్నది. పోరగాండ్లు పడి పడి నవ్విండ్రు. ఆ రాత్రి అన్నం ముట్టలే నేను.

పోయిన ఎండకాలం నాకు సంగతి తెల్సింది. వెనకనుంచి పిలిస్తే పలుకుతలేడు. ఫోన్ మోగుతుంటే, కంట్ల పడ్డదాకా ఎత్తుతలేడు. ఓరి నీ! ఉస్తాద్‌కు చెవులు పోయినయి. ఉత్తకాళ్లు పెట్టుడు స్టైల్ కాదు, రేకు వణుకుతుంటే సప్పుడును కాళ్లతోని పట్టుకుంటున్నడు. షెడ్డు నడిపే సేటుకు తెలిస్తే ఆ రోజే సీట్లకెల్లి దింపుతడు. ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో ఇజ్జత్ లేదు. నేను ఎవరికీ చెప్పలే. జాలిపడి గాదు, దెబ్బ తీసే మోక కోసం చూసిన.

హాస్టల్ మెస్సులకు కూరగాయలేసే అన్న పికప్ తెచ్చిండు. ముందు చక్రం ఊళ పెడుతున్నది. అన్న నడుపుతుండు, నేను నడుమ, అటు ఉస్తాద్. స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడల్లా ఊళ పెరిగింది. అట్ల తిప్పితే బరువు కుడి మీద పడతది, అంటే కుడి చక్రందే సప్పుడు. ఉస్తాద్ కాళ్లున్నది ఎడమ దిక్కు, ఆయనకు ఎడమ చక్రమే తెలుస్తది.

"ఎడమది" అన్నడు.

"అవు ఉస్తాద్, ఎడమదే" అన్న.

షెడ్డుకొచ్చి ఆయనే విప్పిండు, నన్ను ముట్టనియ్యలే. హబ్ గుంజి, సుత్తితోని బేరింగ్ కొట్టి తీసి, గుడ్డతోని తుడిచిండు. ఒక్క గీత లేదు. వేలితో తిప్పితే వెన్నలెక్క తిరిగింది. చానసేపు దాన్నే చూసిండు. "లోపల అరిగింది, పైకి కనబడది" అన్నడు అన్నతోని. ఆ మంచి బేరింగ్‌ను గుడ్డల చుట్టి పక్కకు దాసిండు. మనిషి పుట్టుక పుడితే గాడ ఆగాలె. నేను ఆగలే.

కొత్త బేరింగ్‌ల అరచేత్తోని గ్రీజు కూరి, హబ్ ఎక్కించి, చేతులు కడుక్కోను పోయిండు. గంతలో ఆయన సీటు ముందర, రేకు వణుకు కాళ్లకు తెల్వకుండ, రబ్బరు మ్యాట్ నాలుగు మడతలు పెట్టి పరిచిన. "రేకు కాలుతున్నది ఉస్తాద్, నీ కాళ్లకని ఏసిన" అన్న గట్టిగ. కూరగాయలన్న ముందర దాన్ని తియ్యలేడు గదా. తీస్తే ఎందుకంటరు.

మళ్ల అదే రోడ్డు. పికప్ ఎప్పటిలెక్కనే ఊళ పెడుతున్నది. ఉస్తాద్ కాళ్లు మ్యాట్ మీద ఇటు జరిపిండు, అటు జరిపిండు. వంగి మ్యాట్ కొస ఎత్తబోయి ఆగిండు. ఆఖరికి నా మొఖం చూసిండు. ఇన్నేండ్లల్ల ఆయన నన్ను అట్ల అడిగింది అదొక్కసారే. నేను తల ఊపిన, సప్పుడు పోయిందన్నట్టు.

"పోయింది! చూసినవా, ఎంత నిమ్మళంగ నడుస్తున్నదో" అన్నడు.

అన్న బిత్తరపోయి నా దిక్కు చూసిండు. నేను ముందటి అద్దంలకెల్లి చూసుకుంటనే, "చెవిటోని ముందర శంఖం ఊదినట్టుంది గదన్నా. వీన్నేనా మీరు మొక్కేది?" అన్న. కూరగాయలన్నకు నవ్వు ఆగలే. నేనూ నవ్విన. మేం నవ్వుతున్నమని ఉస్తాద్ గూడ నోరారా నవ్విండు. నవ్వుకుంటనే నా మీదికెల్లి వంగి అన్నను అడిగిండు, "ఏమంటుండు మావోడు?"

అన్న మొఖంల నవ్వు పోయింది. బండి ఆపిండు. ఉస్తాద్ దిక్కు తిరిగి, ఒక్కొక్క మాట ఒత్తి, "నిన్ను మెచ్చుకుంటుండు ఉస్తాద్" అన్నడు.

ఉస్తాద్ నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "కొట్టిన, తిట్టిన, అయినా నన్నిడిచి పోలే వీడు. నా తర్వాత ఈ సీటు వీనిదేనని సేటుకు పోయిన నెలనే చెప్పిన" అన్నడు.

ఆ చెయ్యి తీసేదాక నేను నవ్వుతనే ఉన్న.